ఆయాసంతో వచ్చిన పేషెంట్‌కి మంచం దగ్గరే లంగ్ అల్ట్రాసౌండ్: ప్రోబ్ పెట్టడం నుంచి నిర్ణయం దాకా

ఆయాసంతో పడుకోలేక, మంచం అంచున కూర్చుని ఎగశ్వాస తీస్తున్న మనిషి ముందు నిలబడినప్పుడు మనకు కావలసిన జవాబులు నిజానికి నాలుగైదే. ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతోందా, నిమోనియానా, ప్లూరాలో (ఊపిరితిత్తినీ ఛాతీ గోడనీ కప్పే రెండు పొరల మధ్య) గాలి చేరిందా, నీరు చేరిందా, లేక ఇవేవీ కాకుండా శ్వాసనాళాలు బిగుసుకుపోవడమో రక్తనాళంలో గడ్డ అడ్డుపడటమో జరిగిందా. స్టెత్ వీటిలో కొన్నే చెబుతుంది, వార్డు గోలగా ఉంటే అవీ సరిగా వినిపించవు. పడుకోబెట్టి తీసిన పోర్టబుల్ ఎక్స్-రే అయితే ఛాతీ ముందువైపు చేరిన గాలిని తేలిగ్గా దాచేస్తుంది. మెషీన్‌ని మంచం పక్కకు తోసుకొచ్చి ప్రోబ్ పెడితే, పేషెంట్‌ని ఎక్కడికీ కదపకుండా, రేడియేషన్ లేకుండా ఈ ప్రశ్నల్లో చాలావాటికి కొన్ని నిమిషాల్లోనే దారి దొరుకుతుంది.

ఇది డ్యూటీలో ఉండే జూనియర్ డాక్టర్ల కోసం రాస్తున్నాను. పొట్టకో గుండెకో ప్రోబ్ పెట్టడం కాస్తో కూస్తో తెలిసి, ఛాతీ మీద పెట్టాలంటే మాత్రం ఏం చూడాలో తెలియనివాళ్లకి పనికొస్తుంది. చదివేస్తే వచ్చే విద్య కాదు కాబట్టి మొదట్లో తెలిసినవాళ్లు పక్కన ఉండగానే చేయండి. ఆక్సిజన్, లైన్, మానిటర్ అయ్యాకే ప్రోబ్. స్కాన్ కోసం వైద్యం ఆగకూడదు.

ముందు ఫిజిక్స్, రెండు ముక్కల్లో

అల్ట్రాసౌండ్ మెత్తటి కణజాలంలో సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది, గాలిలో 330-340 మీటర్లే. ఈ రెండూ కలిసే చోట తరంగాలు దాదాపు మొత్తం వెనక్కి తిరిగొచ్చేస్తాయి. అంటే గాలితో నిండిన మామూలు ఊపిరితిత్తి లోపలి భాగం మనకు ఎప్పటికీ కనపడదు. ప్లూరా గీత కింద స్క్రీన్ మీద కనిపించేదంతా ఆర్టిఫాక్టే, అంటే అసలు అవయవం కాదు, తరంగాలు తయారుచేసిన బొమ్మ. అందుకే చాలా ఏళ్లపాటు లంగ్‌కి అల్ట్రాసౌండ్ పనికిరాదనే అనుకున్నారు. ఫ్రాన్స్‌లో ఐసీయూ డాక్టరైన డానియెల్ లిష్టెన్‌స్టెయిన్ లాంటివాళ్లు ఆ ఆర్టిఫాక్టుల్నే చదవడం మొదలుపెట్టాక కథ మారింది. ఊపిరితిత్తిలో గాలి తగ్గి నీరు పెరిగేకొద్దీ ఆర్టిఫాక్ట్ తీరు మారుతుంది, గాలి పూర్తిగా పోతే అప్పుడు అసలు కణజాలమే కనపడుతుంది. కింద చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది: ప్లూరా దగ్గర గాలి ఎంత, నీరు ఎంత.

ప్రోబ్, సెట్టింగ్స్

ఒక్క ప్రోబే ఎంచుకోమంటే నేను కర్విలీనియర్ తీసుకుంటాను, పొట్టకి వాడేదే, 2-5 మెగాహెర్ట్జ్. బి లైన్లు (ప్లూరా నుంచి కిందికి దిగే నిలువు గీతలు), నీరు, కన్సాలిడేషన్ (గాలి పోయి గట్టిపడిన ఊపిరితిత్తి) అన్నీ దీంతో వస్తాయి. ప్లూరా కదలికని దగ్గరగా చూడాలంటే మాత్రం లీనియర్ ప్రోబ్‌కి సాటి లేదు. గుండెకి వాడే ఫేజ్డ్ అర్రే పక్కటెముకల మధ్య చక్కగా ఇమిడిపోతుంది, బేస్‌ల దగ్గర, అంటే ఊపిరితిత్తుల అడుగున, బాగానే పనిచేస్తుంది, కానీ ప్లూరా గీత అందులో మసకగా ఉంటుంది. అది మాత్రమే ఉంటే దాంతోనే చేయండి, కదలిక గురించి తీర్పు చెప్పేటప్పుడు కాస్త వెనకాముందు ఆడండి.

చాలామంది వదిలేసే పని సెట్టింగ్స్ మార్చడం. మెషీన్లు బొమ్మని అందంగా, నున్నగా చూపించడానికి కాంపౌండ్ ఇమేజింగ్, హార్మోనిక్స్, స్పెకిల్ రిడక్షన్ లాంటివి ముందే ఆన్ చేసి ఉంచుతాయి. ఆర్టిఫాక్టుల్ని తుడిచేయడమే వాటి పని, మనకు కావాల్సింది ఆ ఆర్టిఫాక్టులే. లంగ్ ప్రీసెట్ ఉంటే అది నొక్కండి, లేకపోతే వీటిని చేత్తో ఆఫ్ చేయండి. ఫోకస్ ప్లూరా గీత దగ్గర పెట్టండి. డెప్త్, కదలిక చూసేటప్పుడు 4-6 సెంటీమీటర్లు చాలు, బి లైన్లకి, బేస్‌లకి 15 దాకా పెంచండి. గెయిన్ విపరీతంగా పెంచితే ప్రతి ఊపిరితిత్తీ జబ్బుపడినట్టే కనిపిస్తుంది. ప్రోబ్ మీది మార్కర్ పేషెంట్ తల వైపు, స్క్రీన్ మీద చుక్క ఎడమ వైపు. గుండె ప్రీసెట్‌లో ఈ చుక్క కుడికి మారిపోతుంది, అది చూసుకోకపోతే కాలేయం, ఊపిరితిత్తి తారుమారవుతాయి.

ఎక్కడ పెట్టాలి

గాలి పైకి తేలుతుంది, నీరు కిందికి దిగుతుంది. పేషెంట్ ఏ భంగిమలో ఉన్నాడో చూసుకోకుండా స్కాన్ చేస్తే చూడాల్సిన చోటు తప్పిపోతుంది. వెల్లకిలా పడుకుంటే ప్లూరాలోని గాలి (న్యూమోథొరాక్స్) ఛాతీ ముందువైపు చేరుతుంది, నీళ్లేమో వీపు వైపుకి పోతాయి. కూర్చుంటే గాలి పైకి, కాలర్ ఎముక కిందికి, నీరు డయాఫ్రమ్ మీదికి. ఆయాసపడేవాడిని మీ సౌకర్యం కోసం పడుకోబెట్టకండి, కూర్చున్నవాడిని కూర్చోబెట్టే చేయండి, రిపోర్టులో ఆ మాట రాయండి.

ఛాతీని ఒక్కో పక్క నాలుగు భాగాలుగా చేసుకోండి: ముందువైపు పైన ఒకటి, కింద ఒకటి, చంక కింద పక్కవైపు పైన ఒకటి, కింద ఒకటి. రెండు పక్కలా కలిపి ఎనిమిది. దీనికి తోడు వెనక చంక గీత దాటి వీపు వైపుకి ప్రోబ్‌ని నెట్టి, మొన పైకి, మధ్యకి చూసేలా పెట్టే చోటు ఒకటి, దాన్ని ప్లాప్స్ పాయింట్ అంటారు. పడుకున్న పేషెంట్‌లో నీళ్లు, చిన్న కన్సాలిడేషన్లు దాక్కునేది అక్కడే, కాబట్టి పరుపుని చేత్తో కిందికి అదిమి అయినా సరే ప్రోబ్‌ని అక్కడికి దూర్చాలి. ముందువైపు మాత్రమే చూసి బాగుంది అనడం, నా దృష్టిలో, స్కాన్ చేయకపోవడం కంటే ప్రమాదం.

ప్రతి చోటా మొదట పక్కటెముకలు

ప్రోబ్ నిలువుగా పెట్టండి, రెండు పక్కటెముకలు అడ్డంగా వచ్చేలా. స్క్రీన్ మీద రెండు ఎముకల తెల్లటి వంపులు, వాటి కింద నల్లటి నీడలు, ఆ రెండింటి మధ్య అర సెంటీమీటరు లోతున అడ్డంగా మెరిసే ఒక గీత. అదే ప్లూరా. ఈ మొత్తం ఆకారానికి బ్యాట్ సైన్ అని పేరు. ఇది దొరక్కుండా ముందుకి పోవద్దు, ఎందుకంటే ఎముకలు గుర్తుగా లేకపోతే కండరాల పొరని ప్లూరా అనుకునే అవకాశం ఉంది. ప్రోబ్ చర్మానికి నిటారుగా ఉందో లేదో చూసుకోండి, కొంచెం వాలినా గీత మసకబారుతుంది, కింద గీతలు రావు. ఛాతీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి ప్రతి చోటా చెయ్యి వంపు మార్చుకుంటూ పోవాలి.

ప్రోబ్ పెట్టిన ప్రతి చోటా ప్రశ్నలు రెండే. గీత కదులుతోందా? గీత కింద ఏముంది?

గీత కదులుతోందా

శ్వాసతో పాటు ఊపిరితిత్తి మీది పొర ఛాతీ గోడ పొర మీద జారుతుంది, ఆ గీత పొడవునా చీమల బారు నడుస్తున్నట్టు సన్నటి మినుకు కనిపిస్తుంది. దీన్నే లంగ్ స్లైడింగ్ అంటారు. చెయ్యి బిగపట్టి, చిటికెన వేలు పేషెంట్ ఒంటి మీద ఆనించి, రెండు మూడు శ్వాసలు ఊరికే చూడండి. ప్రోబ్ కదులుతుంటే అంతా జారుతున్నట్టే ఉంటుంది.

అనుమానంగా ఉంటే ఎం-మోడ్ (ఒకే గీత వెంట కదలికని కాలంతో పాటు చూపించే మోడ్) పెట్టండి. మామూలుగా అయితే గీత పైన అడ్డ చారలు, కింద ఇసకలా గరుకు మచ్చలు, ఇది సీషోర్ సైన్. పైనా కిందా ఒకేలా అడ్డ చారలే ఉంటే బార్‌కోడ్ సైన్, అంటే ఆ చోట జారడం లేదు. గట్టిగా ఆయాసపడే మనిషిలో మెడ, ఛాతీ కండరాల లాగుడు కూడా ఈ బొమ్మని పాడుచేస్తుంది కాబట్టి ఎం-మోడ్‌నే నమ్ముకోకుండా మామూలు బొమ్మతో కలిపి చూడండి.

ఇక్కడ ఒక లెక్క బాగా ఒంటబట్టాలి. స్లైడింగ్ ఉంటే, ఆ ప్రోబ్ కింద ఆ చోట న్యూమోథొరాక్స్ లేదు, ఈ మాట ధైర్యంగా చెప్పొచ్చు. బి లైన్ ఒక్కటి కనిపించినా అంతే. స్లైడింగ్ లేకపోయినా గుండె కొట్టుకున్నప్పుడల్లా గీత చిన్నగా అదురుతుంటే, లంగ్ పల్స్ అంటారు దాన్ని, అప్పుడు కూడా అంతే, ఎందుకంటే రెండు పొరలూ ఆనుకుని ఉంటేనే ఆ అదురు మనదాకా వస్తుంది. కానీ స్లైడింగ్ లేదు అన్నంత మాత్రాన న్యూమోథొరాక్స్ అని రాసేయకూడదు. శ్వాస కోసం గొంతులో వేసిన ట్యూబ్ కుడి బ్రాంకస్‌లోకి (కుడి శ్వాసనాళంలోకి) దిగిపోతే ఎడమ పక్క జారదు. పాత టీబీ వల్ల పొరలు అతుక్కుపోయినా, ప్లూరోడెసిస్ (పొరల్ని కావాలని అతికించడం) చేసినా, పెద్ద బుల్లా (ఊపిరితిత్తిలో గాలి బుడగ) ఉన్నా, తీవ్రమైన నిమోనియాలో, ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తులు తీవ్రంగా వాచి నీరు నిండే జబ్బు), డయాఫ్రమ్‌ని కదిపే ఫ్రెనిక్ నరం దెబ్బతిన్నా జారదు. సీఓపీడీ (శ్వాసనాళాల దీర్ఘకాలిక జబ్బు) పేషెంట్‌లో పెద్ద బుల్లాని ప్లూరాలో గాలి అనుకుని ఛాతీలో ట్యూబ్ వేయడం ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు.

ఖాయం చేసేది లంగ్ పాయింట్. స్లైడింగ్ లేని చోట నుంచి ప్రోబ్‌ని మెల్లగా పక్కకి, చంక వైపుకి జరుపుతూ పోండి. ఒక చోట శ్వాస లోపలికి తీసుకున్నప్పుడు స్లైడింగ్ స్క్రీన్ అంచు నుంచి లోపలికి వచ్చి, వదిలినప్పుడు మళ్లీ వెనక్కి పోతుంది. ఊపిరితిత్తి గోడకి తగిలే హద్దు అది. గుండె అంచు దగ్గర, కాలేయం అంచు దగ్గర కూడా ఇలాంటి బొమ్మే వచ్చి మోసం చేస్తుంది కాబట్టి ఎక్కడున్నారో చూసుకోండి. ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకుపోతే లంగ్ పాయింటే ఉండదు. బీపీ పడిపోతూ, మెడ సిరలు ఉబ్బి, ఆ పక్క గాలి శబ్దం లేక, స్లైడింగ్ కూడా లేకపోతే లంగ్ పాయింట్ వెతుక్కుంటూ కూర్చోకండి, ముందు గాలి తీయండి.

గీత కింద ఏముంది

ఏ లైన్లు (A-lines) అడ్డంగా ఉంటాయి. చర్మం నుంచి ప్లూరా ఎంత లోతులో ఉందో, ప్లూరా నుంచి సరిగ్గా అంతే దూరంలో మొదటి ఏ లైన్, మళ్లీ అంతే దూరంలో రెండోది. గీత కింద గాలి ఉందని అర్థం. ఆ గాలి ఊపిరితిత్తిలోదా, ప్లూరాలోదా అనేది ఏ లైన్ చెప్పదు, స్లైడింగే చెప్పాలి.

బి లైన్లు నిలువుగా ఉంటాయి. ప్లూరా గీత నుంచే మొదలై, ఎక్కడా మసకబారకుండా స్క్రీన్ అడుగు దాకా పోతాయి, దారిలో ఏ లైన్లని చెరిపేస్తాయి, స్లైడింగ్‌తో పాటు అటూఇటూ ఊగుతాయి. రెండు మూడు సెంటీమీటర్లు దిగి ఆగిపోయే చిన్న తోకలు బి లైన్లు కావు, వాటిని లెక్కపెట్టకండి. ఒక పక్కటెముకల సందులో మూడు, అంతకంటే ఎక్కువ ఉంటే ఆ చోటు పాజిటివ్. ఎనిమిది చోట్లలో రెండు పక్కలా కనీసం రెండేసి పాజిటివ్ అయితే ఇంటర్‌స్టిషియల్ సిండ్రోమ్ (గాలి గదుల మధ్య కణజాలం దెబ్బతిన్న తీరు) అని 2012 నాటి అంతర్జాతీయ సిఫార్సులు అంటాయి. గుండె ఫెయిల్యూర్ అని అనవు, అది గమనించండి.

ఎందుకంటే బి లైన్లు తెచ్చేవి చాలా ఉన్నాయి, ఈ విభాగం దగ్గర కాస్త ఓపిగ్గా ఆగాలి. గుండె వల్ల వచ్చే పల్మొనరీ ఎడీమాలో (ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరడంలో) రెండు పక్కలా సమానంగా, కింది భాగాల్లో ఎక్కువగా ఉంటాయి, ప్లూరా గీత నున్నగా, సన్నగా ఉంటుంది, స్లైడింగ్ బాగుంటుంది, తరచుగా రెండు బేస్‌లలోనూ కాస్త నీరు ఉంటుంది. ఏఆర్‌డీఎస్‌లో, వైరల్ నిమోనియాలో అయితే పొంతన ఉండదు: ఒక చోట తెల్లగా నిండిపోయి, రెండంగుళాల అవతల శుభ్రంగా ఏ లైన్లు. ప్లూరా గీత గరుకుగా, మందంగా, మధ్యమధ్యలో తెగిపోయి, దాని కింద చిన్న చిన్న నల్లటి గుంటల్లా కన్సాలిడేషన్లు, స్లైడింగ్ కూడా తగ్గిపోయి ఉంటుంది. లంగ్ ఫైబ్రోసిస్‌లో (ఊపిరితిత్తి మచ్చపడి గట్టిపడటంలో) గీత గరుకుగానే ఉంటుంది, బి లైన్లు వీపు వైపు బేస్‌ల దగ్గర ఎక్కువ, నీరు తీసే లేసిక్స్ ఎన్నిరోజులు ఇచ్చినా మారవు. ఒక్క చోటే గుంపుగా బి లైన్లు కనిపిస్తే నిమోనియా, లంగ్ కంట్యూషన్ (దెబ్బకి నలగడం), ఇన్‌ఫార్క్షన్ (రక్తం అందక చెడిన భాగం) లాంటివి ఆలోచించండి. కాబట్టి బి లైన్లు లెక్కపెట్టడం కంటే వాటి పైనున్న గీతని దగ్గరగా చూడటమే ఎక్కువ చెబుతుంది. లీనియర్ ప్రోబ్ తీసుకుని ఒక్క నిమిషం ఆ గీత మీద పెట్టండి.

బేస్‌ల దగ్గర

ముందు డయాఫ్రమ్ పట్టుకోండి, కుడి పక్క కాలేయం, ఎడమ పక్క స్ప్లీన్ మీద వంపుగా తెల్లటి గీత. డయాఫ్రమ్ చూడకుండా నీరు ఉంది అనకండి, ఎడమ పక్క నిండిన పొట్ట, కుడి పక్క అసైటిస్ (కడుపులో చేరిన నీరు) రెండూ నీరున్న ప్లూరాలా నమ్మిస్తాయి. మామూలు ఊపిరితిత్తి అయితే శ్వాస తీసుకున్నప్పుడు తెరలా దిగి కాలేయాన్ని కప్పేస్తుంది. వెన్నెముక గీత డయాఫ్రమ్ దాకా కనిపించి అక్కడితో మాయమవుతుంది, పైన గాలి ఉంది కాబట్టి. ఆ గీత డయాఫ్రమ్ దాటి ఛాతీలోకి కూడా కొనసాగితే, అది స్పైన్ సైన్, మధ్యలో నీరో గట్టిపడిన ఊపిరితిత్తో ఉన్నట్టు.

నీరు నల్లగా ఉంటుంది, లోపల ఊపిరితిత్తి కొస తేలుతూ ఊగుతుంటుంది. నల్లటి నీటిలో తేలే చుక్కలు, అడ్డుపొరలు కనిపిస్తే చీము, రక్తం, ఎగ్జుడేట్ (వాపు వల్ల ఊరిన చిక్కటి నీరు) అనుమానించి సూది పెట్టడం గురించి సీనియర్‌తో మాట్లాడండి. ఎంత నీరుంది అంటే, వెంటిలేటర్ మీద వెల్లకిలా, తల వైపు 15 డిగ్రీలు ఎత్తి పడుకున్న పేషెంట్లలో ఒక తేలిక సూత్రం ఉంది: శ్వాస వదిలాక రెండు పొరల మధ్య గరిష్ఠ దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి 20తో గుణిస్తే సుమారు మిల్లీలీటర్లు. 25 మిల్లీమీటర్లు ఉంటే అర లీటరు. కూర్చున్నవాళ్లకి దీన్ని అలాగే వాడకండి.

కన్సాలిడేషన్‌లో ఊపిరితిత్తి కాలేయంలా కనపడుతుంది, గాలి ఉన్న భాగంతో కలిసే చోట అంచు చిరిగిన బట్టలా ఉంటుంది. లోపల తెల్లటి చుక్కలు, కొమ్మలు ఉంటే అవి ఎయిర్ బ్రాంకోగ్రామ్‌లు, అంటే శ్వాసనాళాల్లో మిగిలిన గాలి. శ్వాసతో పాటు అవి ముందుకి పరిగెడుతుంటే నాళం తెరిచి ఉందని, అంటే నిమోనియా వైపు మొగ్గు. కదలకుండా నిలబడిపోతే, ఊపిరితిత్తి కూడా కుంచించుకుపోయి ఉంటే అటెలెక్టాసిస్ (ఊపిరితిత్తి ముడుచుకుపోవడం) కావచ్చు. ప్లూరాని తాకని నిమోనియా మాత్రం అల్ట్రాసౌండ్‌కి దొరకదు, దాని చుట్టూ గాలి ఉంటుంది కదా. స్కాన్ శుభ్రంగా ఉందని, జ్వరం, దగ్గు, తెల్లకణాలు అన్నీ చెబుతున్న నిమోనియాని కొట్టిపారేయకండి.

కలిపి చదవడం

2008లో చెస్ట్ జర్నల్‌లో లిష్టెన్‌స్టెయిన్, మెజియెర్ ప్రచురించిన బ్లూ ప్రోటోకాల్ ఈ వరసనే ఒక చెట్టులా పేర్చింది. ముందువైపు రెండు పక్కలా స్లైడింగ్‌తో బి లైన్లు ఉంటే పల్మొనరీ ఎడీమా. స్లైడింగ్ లేకుండా బి లైన్లు, లేదా ఒక పక్క ఏ లైన్లు మరో పక్క బి లైన్లు, లేదా ముందువైపే కన్సాలిడేషన్ ఉంటే నిమోనియా. స్లైడింగ్ లేకుండా ఏ లైన్లు, తోడుగా లంగ్ పాయింట్ ఉంటే న్యూమోథొరాక్స్. స్లైడింగ్ ఉండి ఏ లైన్లే ఉంటే కాళ్ల సిరలు నొక్కి చూడాలి. గజ్జల్లో ఫెమొరల్, మోకాలి వెనక పాప్లిటియల్ సిరలు ప్రోబ్‌తో అదిమితే పూర్తిగా మూసుకోవాలి. మూసుకోకపోతే గడ్డ, కాబట్టి పల్మొనరీ ఎంబాలిజం (ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం). సిరలు బాగుంటే మళ్లీ ప్లాప్స్ పాయింట్ దగ్గరికి, అక్కడ ఏదైనా కనపడితే నిమోనియా, అదీ లేకపోతే ఆస్తమా లేదా సీఓపీడీ.

ఆ అధ్యయనంలో 260 మందిలో 90.5 శాతం మందికి డయాగ్నసిస్ సరిపోయింది. అయితే ఒకటి కంటే ఎక్కువ జబ్బులున్నవాళ్లని, చివరికి ఏదీ తేలనివాళ్లని ఆ లెక్కలోంచి తీసేశారు. మన దగ్గరికి వచ్చేవాళ్లలో గుండె, ఊపిరితిత్తులు రెండూ పాడైనవాళ్లు బోలెడంతమంది కాబట్టి, చెట్టుని గుర్తుపెట్టుకోండి కానీ దానికి కట్టుబడిపోకండి. కాళ్ల సిరలు బాగున్నంత మాత్రాన ఎంబాలిజం లేదనుకోకండి కూడా. ఊపిరితిత్తి శుభ్రంగా ఉండి ఆక్సిజన్ మాత్రం పడిపోతుంటే సీటీ యాంజియో వైపే ఆలోచన పోవాలి.

అందరికీ ఎదురయ్యే సందర్భం ఒకటి తీసుకుందాం. డెబ్బై ఏళ్ల మనిషి, ఏళ్ల తరబడి బీడీలు, ఎప్పుడో గుండెపోటు, ఇప్పుడు ఆయాసం, రెండు పక్కలా పిల్లికూతలు. నెబులైజేషనా, లేసిక్సా? కూర్చోబెట్టే ముందువైపు నాలుగు చోట్ల పెట్టారు, స్లైడింగ్ ఉంది, అంతా ఏ లైన్లు. ఇంత ఆయాసానికి పల్మొనరీ ఎడీమా కారణం కావడం చాలా అరుదు, ఆ ఆలోచనని పక్కన పెట్టొచ్చు. బేస్‌లు చూశారు, కుడి పక్క వీపు వైపు అరచేతి సగమంత కన్సాలిడేషన్, లోపల చుక్కలు శ్వాసతో కదులుతున్నాయి. సీఓపీడీ మీద నిమోనియా వచ్చిపడింది. నెబులైజేషన్, యాంటీబయాటిక్. అదే మనిషిలో ఎనిమిది చోట్లా నున్నటి గీత కింద బి లైన్లు, రెండు బేస్‌లలో నీరు కనిపించి ఉంటే, ఆ పిల్లికూతలు గుండెవే. అప్పుడు ప్రోబ్‌ని గుండె మీదికి జరిపి లెఫ్ట్ వెంట్రికల్ ఎలా కొట్టుకుంటోందో ఒకసారి చూసి, వైద్యం అటు తిప్పాలి. చెవికి రెండూ ఒకటే, స్క్రీన్ మీద ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

ఎక్కడ చేతులెత్తేయాలి

చర్మం కింద గాలి చేరితే పక్కటెముకలే కనపడవు, గీతలు చర్మం కింది గాలి నుంచే దిగుతుంటాయి, వాటిని బి లైన్లు అనుకోవద్దు. బ్యాట్ సైన్ లేదు కాబట్టి ఆపేయడమే. బాగా లావుగా ఉన్నవాళ్లలో, ఛాతీ మీద కట్లు ఉన్నవాళ్లలో దొరికినంతే. డయాలసిస్ పేషెంట్‌కి బి లైన్లు ఉంటే చివరి డయాలసిస్ ఎప్పుడయిందో అడగండి, నీరు తీస్తుండగానే అవి తగ్గడం చూడొచ్చు.

రాసిపెట్టడం, మళ్లీ చూడటం

కేస్ షీట్‌లో డయాగ్నసిస్ ఒక్కటే రాయకండి. ఏ భంగిమ, ఏ ప్రోబ్, ఏ డెప్త్, ఒక్కో చోట స్లైడింగ్ ఉందా, ఏ లైన్లా బి లైన్లా, బేస్‌లలో ఏముంది, ఏ చోట్లు చూడలేకపోయారు, ఇవి రాస్తే తరవాతి డ్యూటీ డాక్టర్ అదే చోట్ల మళ్లీ పెట్టి పోల్చగలుగుతాడు. చిన్న క్లిప్‌లు సేవ్ చేయండి, ఆగిన బొమ్మలో స్లైడింగ్ కనపడదు. గుండె ఫెయిల్యూర్ మందులు పనిచేస్తుంటే కొన్ని గంటల్లోనే బి లైన్లు పలచబడతాయి, అలా పలచబడకపోతే మొదటి డయాగ్నసిస్‌ని మళ్లీ ప్రశ్నించాల్సిందే. నిమోనియా కన్సాలిడేషన్ అంత తొందరగా తగ్గదు, దానికి రోజులు పడుతుంది, కాబట్టి గంటగంటకీ స్కాన్ చేసి టెన్షన్ పడటంలో అర్థం లేదు.

స్కాన్ అయ్యాక పేషెంట్ ఒంటి మీది జెల్ తుడిచి, ప్రోబ్‌నీ దాని వైరునీ ప్రోబ్ కంపెనీ ఒప్పుకున్న డిస్‌ఇన్‌ఫెక్టెంట్‌తో శుభ్రం చేసి పెట్టండి, అదే ప్రోబ్ ఇంకో పది నిమిషాల్లో పక్క మంచానికి పోతుంది.